ఎన్సెలాడస్ నీళ్ల కింద మన గిన్నె కూడా ఒకటి పెట్టండి: ఇస్రోకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అధ్యక్షుల వారికి, అక్కడి శాస్త్రవేత్తలకు,

నమస్కారం.

నేను బెంగళూరు పీణ్యలో నీటి పరీక్షల ల్యాబ్‌లో కెమిస్టుని. పదహారేళ్లుగా ఇదే పని. అపార్ట్‌మెంట్ల బోరు నీళ్లు, టాంకర్ నీళ్లు, హోటళ్ల నీళ్లు, ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చే నీళ్లు రోజూ సీసాల్లో మా బల్ల మీదికి వస్తాయి. వాటిలో ఉప్పెంత, ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత, ఫాస్ఫేట్ ఎంత అని తేల్చి కాగితం మీద రాసి ఇవ్వడం నా ఉద్యోగం. మీలాగా రాకెట్ల గురించి చదువుకున్నదాన్ని కాను. అయినా ఈ ఉత్తరం మీకు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎందుకంటే శని గ్రహం చుట్టూ తిరిగే ఒక చిన్న చందమామ తన కడుపులోని నీళ్లను తానే బయటికి చిమ్ముతోంది. ఆ నీళ్లను పరీక్షించడానికి మళ్లీ వెళ్లాలని ఐరోపా వాళ్లు ఇప్పుడే ఏర్పాట్లు మొదలుపెట్టారు. ఆ ప్రయాణంలో మన దేశం చేసిన పరికరం ఒకటి ఉండాలి. అందుకోసం పని ఈ ఏడాదే మొదలవ్వాలి. నేను అడగబోయేది ఇదే.

ఆ చందమామ పేరు ఎన్సెలాడస్. 1789లో విలియం హెర్షెల్ దాన్ని మొదటిసారి చూశాడు. అడ్డంగా కొలిస్తే 500 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. బెంగళూరు నుంచి హైదరాబాదుకు మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే ఎంతో, దాదాపు అంతే. పైన అంతా మంచు. మీద పడ్డ ఎండనంతా దాదాపుగా తిప్పికొట్టేంత తెల్లగా ఉంటుంది. అందుకే సున్నాకు 200 డిగ్రీలు కింద గడ్డకట్టి ఉంటుంది. అంత చిన్నది, అంత చల్లటిది ఎప్పుడో చచ్చిన బండ అయి ఉండాలని చాలాకాలం అనుకున్నారు.

దీని గురించి నేను మొదట చెప్పింది మా నాయనకు. మాది కదిరి దగ్గర పల్లె. నాయన ముప్పై ఏళ్లు బోరు లారీ మీద డ్రిల్లర్‌గా పనిచేశాడు. అనంతపురం జిల్లాలో ఆయన బోరు వేయని మండలం లేదు. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ ఆయన వెంట వెళ్లేదాన్ని. బోరు లారీ వచ్చిందంటే ఊరంతా అక్కడే చేరేది. కంప్రెసర్ చప్పుడుకి పక్కవాళ్ల మాట వినబడదు. మొదట ఎర్రమట్టి వస్తుంది. ఆ తర్వాత గంటల తరబడి తెల్లటి బండపొడి లేచి చెట్ల మీద, తలల మీద, టెంకాయ కొట్టిన రాయి మీద పడుతూ ఉంటుంది. పొలం యజమాని ముఖం అప్పటికే పాలిపోయి ఉంటుంది. అంతలో పొడి రంగు కొద్దిగా మారుతుంది. నాయన వంగి గుప్పెడు తీసుకుని వేళ్ల మధ్య నలుపుతాడు. పొడి ముద్దకట్టిందంటే తలెత్తి చూస్తాడు. "గ్యాపు తగిలింది" అంటాడు, బండలో నీళ్లుండే పగులన్నమాట. కాసేపటికి బురద, ఆపైన నీళ్లు. తేటనీళ్లు రాగానే అరచేతిలో పట్టి నాలిక మీద వేసుకునేవాడు. ఉప్పునీళ్లా, తాగే నీళ్లా, సున్నపు నీళ్లా అన్నది మా ల్యాబ్ కంటే ముందు ఆయన నాలుకే చెప్పేది.

ఆ 300 అడుగుల లోతులో ఏముందో ఆయన ఎన్నడూ చూడలేదు. పైకి వచ్చింది చూసి కింద ఉన్నది చెప్పేవాడు. ఎన్సెలాడస్ విషయంలో, అమెరికా, ఐరోపా కలిసి శని దగ్గరికి పంపిన కాసిని నౌక చేసింది సరిగ్గా ఇదే.

కాసిని 1997 అక్టోబర్‌లో బయల్దేరి 2004 జూలైలో శనిని చేరుకుంది. 2005 మొదట్లో ఎన్సెలాడస్ పక్కనుంచి వెళ్తున్నప్పుడు దాని మీదున్న అయస్కాంత క్షేత్ర పరికరం ఒక తేడా పట్టింది. శని అయస్కాంత క్షేత్ర రేఖలు ఆ చిన్న చందమామ దగ్గర ఏదో అడ్డుపడినట్టు వంగుతున్నాయి. వట్టి బండకు ఆ పని చేతకాదు, దాని చుట్టూ ఏదో వాయువు ఉండాలి. ఆ పరికరం బాధ్యత చూసే మిషెల్ డోఅర్టీ, వాళ్ల బృందం, ఈసారి బాగా దగ్గరికి వెళ్దామని గట్టిగా అడిగారు. అనుకున్న దారిని మార్చి జూలై 14న 173 కిలోమీటర్ల దగ్గరకు పంపారు. దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పెద్ద పగుళ్లు కనిపించాయి. ఒక్కొక్కటీ 130 కిలోమీటర్ల పొడవు. అలెగ్జాండ్రియా, కైరో, బాగ్దాద్, డమాస్కస్ అని వాటికి పేర్లు పెట్టారు. చుట్టుపక్కల మంచు కంటే ఆ పగుళ్లు చాలా వెచ్చగా ఉన్నాయి. ఆ నవంబర్‌లో, సూర్యుడు ఎన్సెలాడస్ వెనక వైపు ఉండగా తీసిన ఫోటోల్లో అవి నీటి ఆవిరినీ మంచు రేణువుల్నీ ఆకాశంలోకి చిమ్ముతూ కనిపించాయి.

మొదట అనుకున్న దారిలోనే పోనిచ్చి ఉంటే ఏమయ్యేదో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఎవరో ఒకరు అడగాలి. ఈ ఉత్తరం రాసే ధైర్యం నాకు వచ్చింది కూడా ఆ సంగతి చదివాకే.

చిమ్మే నీళ్లు ఎంతంటారా? 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ కొలిచింది. సెకనుకు దాదాపు 300 కిలోలు. మా వీధికి వచ్చే 12,000 లీటర్ల టాంకర్ 40 సెకన్లలో నిండిపోతుంది. ఆ ఆవిరి 9,600 కిలోమీటర్ల దూరం దాకా పరుచుకుని ఉందట. శని చుట్టూ ఉన్న వలయాల్లో ‘E’ అనే వలయం ఆ మంచు రేణువులతో ఏర్పడిందే.

ఇవన్నీ ఫోన్లో చెప్తుంటే నాయన అడ్డం వచ్చి అడిగాడు. "అంత చలిలో ఆ గ్యాపు మూసుకుపోదా అమ్మీ?"

ఇది శాస్త్రవేత్తలు కూడా తల పట్టుకున్న ప్రశ్నే. నాకు అర్థమైనంత వరకు చెప్పాను. ఎన్సెలాడస్ దాదాపు 33 గంటలకోసారి శనిని చుట్టి వస్తుంది. ఆ దారి అచ్చం గుండ్రంగా ఉండదు, కొంచెం కోలగా ఉంటుంది. డయోనీ అనే ఇంకో చందమామ ఒక చుట్టు తిరిగేలోపు ఇది రెండు చుట్లు తిరుగుతుంది. ఆ లాగుడు వల్ల దారి కోలగానే ఉండిపోతోంది. శనికి దగ్గరైనప్పుడు ఒక రకంగా, దూరమైనప్పుడు ఇంకో రకంగా లాగబడి, చపాతీ పిండి పిసికినట్టు ఆ చందమామ ఒళ్లంతా పిసకబడుతూ ఉంటుంది. లోపలి వేడి అక్కడినుంచే. శనికి బాగా దూరం వెళ్లినప్పుడు పగుళ్లు ఇంకా తెరుచుకుని చిమ్మడం ఎక్కువవుతుందని కాసిని ఫోటోల్లోనే లెక్కగట్టారు. నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అంటే దానికి కంప్రెసర్ శని అన్నమాట" అన్నాడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇప్పుడు నా వృత్తికి దగ్గరైన సంగతికి వస్తాను. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

కాసిని మీద రెండు పరికరాలు ఆ నీళ్లను "రుచి చూశాయి". ఒకటి వాయువుల బరువు కొలిచేది. రెండోది దుమ్ము పరికరం. మంచు రేణువు వేగంగా వచ్చి రోడియం అనే లోహపు పలకను ఢీకొంటే ముక్కలై విద్యుదావేశం వస్తుంది. ఆ ముక్కల బరువును బట్టి ఏ పదార్థమో చెప్తారు. 2009లో రేణువుల్లో సోడియం లవణాలు దొరికాయి. ఉప్పు ఉందంటే ఆ నీళ్లు రాతిని తాకి వచ్చినవని అర్థం. ఏ బోరు రిపోర్టు చూసినా మాకు తెలిసేది అదే. 2015లో ఆ చందమామ ఊగే తీరును కొలిచి, పైనున్న మంచు పెంకు లోపలి రాతిని ఎక్కడా అంటుకుని లేదని, మధ్యలో సముద్రం చుట్టూరా ఉందని తేల్చారు. అదే ఏడాది సిలికా నలుసుల్ని బట్టి అడుగున ఎక్కడో 90 డిగ్రీలు దాటిన వేడినీళ్లు రాతిలోంచి వస్తున్నాయని చెప్పారు. 2017లో హైడ్రోజన్ దొరికింది. మన సముద్రాల అడుగున ఎండ తగలని చోట బతికే సూక్ష్మజీవులకు అదే ఆహారం. 2023లో ఫాస్ఫేట్.

ఫాస్ఫేట్ వార్త వచ్చిన రోజు నేను ల్యాబ్‌లో ఫాస్ఫేట్ పరీక్షే చేస్తున్నాను. మీలో కెమిస్ట్రీ చదివినవాళ్లకు తెలుసు. నీళ్లలో అమ్మోనియం మాలిబ్డేట్ వేసి, స్టానస్ క్లోరైడ్ చుక్కలు వేసి పది నిమిషాలు ఆగితే, ఫాస్ఫేట్ ఉన్న సీసా మెల్లగా నీలం తిరుగుతుంది. ఎంత ఎక్కువ ఉంటే అంత ముదురు నీలం. ప్రాణం ఉన్న ప్రతిదాని కణంలోనూ ఫాస్ఫరస్ ఉంటుంది, అది లేకుండా డీఎన్ఏ లేదు. భూమి అవతల ఒక సముద్రంలో ఆ ఫాస్ఫేట్ ఉందని, అదీ మన సముద్రాల్లో కంటే కనీసం వంద రెట్లు ఎక్కువగా ఉందని తేలిన వార్త అది. నా ముందు సీసా నీలం అవుతుంటే చెయ్యి ఆగిపోయింది.

ఎందుకంత ఎక్కువ ఉందని ఆ రాత్రి చదివాను. ఆ సముద్రం నీళ్లలో సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ఎక్కువ. అలాంటి నీళ్లలో కాల్షియం నిలవదు, కార్బొనేట్ దాన్ని పట్టుకుని కిందికి దింపేస్తుంది. కాల్షియం లేకపోతే ఫాస్ఫేట్‌ను గడ్డకట్టించేది ఉండదు. అందుకని ఫాస్ఫేట్ నీళ్లలోనే ఉండిపోతుంది.

ఇది చదవగానే మా ఊరు కళ్ల ముందుకు వచ్చింది. మా అనంతపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా పర్వాలేదని మన ప్రమాణం. అంతకు మించిన నీళ్లు తాగి గారపళ్లు వచ్చిన పిల్లలతో కూర్చుని నేను చదువుకున్నాను. గ్రానైట్ బండల్లో ఫ్లోరైడ్ నీళ్లలోనే ఎందుకు నిలిచిపోతుంది? ఆ నీళ్లలో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉండి కాల్షియం తక్కువైతే, ఫ్లోరైడ్‌ను కిందికి దింపే కాల్షియం మిగలదు. అదే కథ! కదిరి బోర్లో ఫ్లోరైడ్‌కు జరిగేదే 130 కోట్ల కిలోమీటర్ల అవతల మంచు కింద ఫాస్ఫేట్‌కు జరుగుతోంది. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న నీళ్లను మన దేశం పరీక్షించకపోతే ఎలా అని నాకు అప్పటినుంచీ మనసు ఆగడం లేదు.

అక్కడ ప్రాణం ఉందని ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పను. నీళ్లు, వేడి, ఉప్పు, ఆహారం, ఫాస్ఫరస్, కర్బన పదార్థాలు ఉన్నాయి. అంతవరకే తెలుసు. పాకిస్తాన్‌లో పుట్టి బెర్లిన్‌లో పనిచేస్తున్న నొజైర్ ఖవాజా బృందం 2025లో కూడా కాసిని పాత రికార్డుల్లోంచి కొత్త కర్బన పదార్థాల్ని బయటపెట్టింది. 2008లో సెకనుకు 18 కిలోమీటర్ల వేగంతో ఢీకొన్న తాజా రేణువుల రికార్డులు అవి. కాసిని 2017 సెప్టెంబర్ 15న శనిలో పడి కాలిపోయింది. ఎన్సెలాడస్ మీద పొరపాటున పడితే భూమి నుంచి వెళ్లిన సూక్ష్మజీవులు అంటుకుంటాయని, కావాలనే శనిలోకి పంపారు. పదిహేడేళ్ల నాటి రికార్డుల్లో ఇంకా కొత్త సంగతులు ఉన్నాయంటే ఆ నీళ్లలో ఎంత సరుకుందో ఆలోచించండి. పైగా ఆ పరికరాలు ఈ పని కోసం చేసినవి కావు. అక్కడ నీళ్లు చిమ్ముతున్నాయని బయల్దేరినప్పుడు ఎవరికీ తెలియదు. వాయువులు తూచే పరికరం 99 యూనిట్ల బరువు దాటిన అణువును చూడలేదు. మన ప్రోటీన్లలో ఉండే ట్రిప్టోఫాన్ లాంటి అమైనో ఆమ్లం బరువు 204. అది కళ్ల ముందే ఉన్నా ఆ తక్కెడకు దొరకదు.

ఇక పాత్ర సంగతి. కాసేపు ఓపిక పట్టండి, నా అభ్యర్థనకు ఇది చాలా ముఖ్యం.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక కుటుంబం వాళ్ల బావి నీళ్లు తెచ్చింది. ఫాస్ఫేట్ చూస్తే సీసా ముదురు నీలం అయిపోయింది. మురుగు కలిసిందేమో, వాడకండి అని చెప్పాను. ఆ ఇంటి పెద్దావిడ భయపడిపోయింది, మనవరాలు కడుపుతో ఉందని ఏడ్చింది. నాకు ఎందుకో తృప్తి కలగక మర్నాడు నేనే వెళ్లి మా సీసాలో పట్టుకొచ్చి మళ్లీ చేశాను. ఫాస్ఫేట్ లేనట్టే. విషయం ఏమిటంటే, వాళ్లు తెచ్చిన సీసాను బట్టల సోపు పౌడరుతో శుభ్రంగా కడిగారు. నీలం తెచ్చింది ఆ పౌడరులో ఉన్న ఫాస్ఫేట్. అప్పటినుంచి ఫాస్ఫేట్ సీసాల్ని నా చేత్తోనే యాసిడ్‌తో కడుగుతాను. నీళ్ల కంటే ముందు సీసాను అనుమానించాలని అప్పుడు తెలిసింది.

కాసినికి కూడా అచ్చం ఇలాంటి చిక్కే వచ్చింది. వాయువుల పరికరంలో నీళ్లు పట్టే గది టైటానియంతో చేసింది. మంచు రేణువులు ఆ వేగంతో వచ్చి కొడితే గోడ గీసుకుపోయి పచ్చి టైటానియం బయటపడుతుంది. అది నీళ్లతో కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది. మరి దొరికిన హైడ్రోజన్ సముద్రానిదా, గిన్నెదా? అది తేలడానికి 2015 అక్టోబర్ 28న నౌకను పగుళ్ల మీదుగా 49 కిలోమీటర్ల ఎత్తులో ఆ చిమ్ముడులోంచే పోనిచ్చి, వచ్చే వాయువు గోడకు తగలకుండా నేరుగా లోపలికి వెళ్లే పద్ధతిలో కొలిచారు. అప్పుడుగానీ 2017లో ధైర్యంగా హైడ్రోజన్ ఉందని రాయలేకపోయారు. ఆ వ్యాసం చదువుతున్నంతసేపూ నాకు ఆ పెద్దావిడ ముఖమే గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. అమెరికా శాస్త్రవేత్తలు 2022లో రాసుకున్న పదేళ్ల ప్రణాళికలో యురేనస్ తర్వాత పెద్ద నౌక వెళ్లాల్సిన చోటుగా ఎన్సెలాడస్‌ను పెట్టారు. 2024లో ఐరోపా అంతరిక్ష సంస్థ నియమించిన నిపుణుల బృందం వాళ్ల తర్వాతి పెద్ద ప్రయోగానికి ఎన్సెలాడస్‌నే మొదటి గమ్యంగా సూచించింది. 2040ల మొదట్లో బయల్దేరితే 2050లలో చేరుతుంది. దూరంగా అనిపిస్తోంది కదా. కానీ ఏ పరికరాలు వెళ్లాలన్నది బయల్దేరే రోజు తేలదు. ఎన్నో ఏళ్లు ముందే తేలిపోతుంది. మా పరికరం చూడండి, ఇన్నేళ్లుగా పరీక్షించాం అని చూపించగలిగినవాళ్లదే ఎక్కుతుంది.

చూపించడానికి మన దగ్గర ఏముందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2008 నవంబర్ 14న చంద్రయాన్-1 నుంచి కిందికి దిగుతూ వెళ్లిన చిన్న పెట్టెలో వాయువుల్ని తూచే పరికరం తిరువనంతపురంలో చేసిందే. మంగళయాన్ మీద మార్స్ వాతావరణాన్ని తూచిన పరికరం కూడా అక్కడిదే. చంద్రయాన్-2లో మరొకటి ఉంది. 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాన్ని వదిలిపెట్టిన రాకెట్ చివరి అంచె మీద అహ్మదాబాద్ ల్యాబ్ వాళ్లు చేసిన దుమ్ము పరికరం వెళ్లింది. వేగంగా వచ్చి ఢీకొనే నలుసుల్ని పట్టుకోవడానికే చేశారు దాన్ని. ఒకటి వాయువు తూచేది, ఒకటి రేణువు పట్టేది. కాసిని రుచి చూసింది ఈ రెండు రకాల పరికరాలతోనే! శని దగ్గర ఎండ భూమి మీద ఉండే దానిలో నూరో వంతు మాత్రమే. చలికి పరికరాలు గడ్డకట్టకుండా వేడినిచ్చే అణు హీటర్లను చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌లో పెట్టి చూశారు కూడా. పునాది పడి ఉంది.

సొంత నౌక పంపమని నేను అడగడం లేదు. శని దాకా వెళ్లే నౌకకు ఎంత బరువు, ఎంత ఖర్చు, ఎంత కాలం పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్ల నౌకలో ఒక మూల అడగండి. చంద్రయాన్-1లో పదకొండు పరికరాలుంటే వాటిలో ఆరు బయటి దేశాల సాయంతో వచ్చినవి. చంద్రుడి మీద నీటి జాడ చూపించిన అమెరికా పరికరానికి మనమే చోటిచ్చాం. మా ల్యాబ్ ఉన్న ఈ పీణ్యలోనే, రేకుల షెడ్లలో ఆర్యభట తయారైంది. 360 కిలోల ఆ మొదటి ఉపగ్రహం 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద వెళ్లింది. మొదలు పెట్టింది ఇంకొకరి బండి ఎక్కే. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పైగా ఈ పనిలో సగం ఆకాశంలోకి పోకుండానే చేయొచ్చు. జర్మనీలో హైడెల్‌బర్గ్, బెర్లిన్ ల్యాబుల్లో ఏం చేశారో చదివాను. వాక్యూమ్ గదిలో వెంట్రుక కంటే సన్నటి నీటి ధార పోస్తారు. దాని మీద లేజర్ కొడతారు. రేణువు పలకను ఢీకొన్నప్పుడు ఎలా ముక్కలవుతుందో లేజర్ దెబ్బకు నీళ్లు అలాగే ముక్కలవుతాయి. నీళ్లలో ఏ ఉప్పు ఎంత కలిపితే ముక్కల బరువు తూచే పరికరం రికార్డులో ఏ గీత వస్తుందో రాసి పెట్టుకుంటారు. ఆ పట్టికతో పోల్చి చూసే కాసిని రికార్డుల్లో ఫాస్ఫేట్‌ను గుర్తుపట్టారు. ఇలాంటి ధార మన బెంగళూరులో ఒకటి, అహ్మదాబాద్‌లో ఒకటి ఎందుకు ఉండకూడదు? ఉప్పు, సోడా, ఫాస్ఫేట్ కలిపి ఎన్సెలాడస్ నీళ్లు తయారుచేయడం మాలాంటి వాళ్లకు గంట పని. ఒకవైపు గారపళ్ల నీళ్లు కూడా ఆ ధారలో పోసి చూడొచ్చు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ఇక్కడ మందుల కంపెనీల్లో రోజంతా ఇలాంటి తూకపు యంత్రాల ముందు కూర్చునే తెలుగు పిల్లలు వందల మంది ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఎంత నేర్పు ఉందో నాకు తెలుసు. వాళ్లకు ఈ తలుపు తెరవండి. ఫలానా పనికి మనుషులు కావాలి, ఫలానా కాలేజీలతో కలిసి చేస్తాం అని ఒక ప్రకటన ఇవ్వండి చాలు. ఐరోపా వాళ్లతో మాట్లాడేటప్పుడు బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న మన 32 మీటర్ల యాంటెన్నాను కూడా ముందు పెట్టండి. శని నుంచి వచ్చే సన్నటి సంకేతం వినడానికి వాళ్లకు భూమికి ఈవైపున కూడా చెవులు కావాలి కదా.

బెంగళూరులో తాగడానికి నీళ్లు లేనప్పుడు శని దగ్గర నీళ్లు ఎందుకని మీతో అనేవాళ్లు ఉంటారు. నాతో మా అక్కే అంది. 2024 ఎండాకాలంలో వేలాది బోర్లు ఎండిపోయి, టాంకర్ కోసం జనం బిందెలతో నిలబడ్డ రోజుల్లో నేను రాత్రి తొమ్మిదింటి దాకా ల్యాబ్‌లోనే ఉన్నాను. అప్పుడొచ్చిన నీళ్ల సీసాల రంగు మర్చిపోలేను. ఆ కష్టం నాకు తెలుసు కాబట్టే చెప్తున్నాను. మనకు నీళ్లు లేకపోవడానికి కారణం చెరువులు పూడ్చుకోవడం, వాన నీళ్లు పోగొట్టుకోవడం. ఒక చిన్న పరికరానికి పెట్టే డబ్బు ఆపినంత మాత్రాన ఆ చెరువులు తిరిగి రావు. ఇంకో మాట. లీటరులో మిల్లీగ్రాము ఫ్లోరైడ్‌ను వెంటనే పట్టగల చిన్న, చవక, నమ్మకమైన పరికరాలు మన పల్లెల్లో ఈరోజుకీ చాలినన్ని లేవు. ఒక్క రేణువులో ఏముందో చెప్పగలిగే పరికరం చేయడం నేర్చుకున్న చేతులు ఆ పని చేయలేవా? చేస్తాయని నేను నమ్ముతున్నాను.

మా చెల్లెలి కూతురికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. హోసూరు రోడ్డు దగ్గర స్కూల్లో నాలుగో తరగతి. మొన్న ఆదివారం దానికి చూపిద్దామని చిన్న టబ్బులో నీళ్లు పోసి, పైన సన్నటి ప్లాస్టిక్ కవరు కట్టి, దానికి బ్లేడుతో నాలుగు గీతలు పెట్టి కింద నుంచి నొక్కాను. నీళ్లు నాలుగు గీతల్లోంచీ దాని ముఖం మీద చిమ్మాయి. నాలిక చాపి పట్టుకుంది. "పెద్దమ్మా, ఉప్పగా లేదు" అంది. మర్నాడు ఉప్పు కలిపి మళ్లీ చేయించుకుంది. 2050లలో ఆ నౌక అక్కడికి చేరేసరికి దానికి ముప్పై దాటి ఉంటాయి. సరిగ్గా పనిచేసే వయసు. వచ్చే గీతల్ని చదవాల్సింది దాని తరం వాళ్లే. చదవడానికి మనవి కూడా కొన్ని గీతలు ఉండాలి.

ఏ ఆదివారమైనా మీరు పిలిస్తే వస్తాను. సీసాలు కడగడానికైనా సరే.

ఇదంతా చదివి వినిపిస్తే మా నాయన ఒకటే అడిగాడు. "పోయినసారి గిన్నెదే తప్పు వచ్చింది గదా. ఈసారి గిన్నె దేంతో చేస్తారంట?" నాకు తెలియదు, ఇస్రో వాళ్లను అడిగి చెప్తానన్నాను. ఆయనకు ఏం చెప్పమంటారు?

ఇట్లు,
నీటి పరీక్షల ల్యాబ్‌లో ఒక కెమిస్టు,
పీణ్య, బెంగళూరు